లోకంలో ఒక్కటే దొరికిన బుల్లి సొర: కోయొచ్చా, కోయకూడదా?

తీరవాసి:
సంగతి తెలియనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్తాను. 2010 ఫిబ్రవరిలో స్పెర్మ్ తిమింగలాల ఆహారం మీద పరిశోధనకు వెళ్లిన అమెరికా నౌక 'పైసిస్' గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో వల వేసింది. అందులో 14 సెంటీమీటర్ల మగ సొరపిల్ల ఒకటి పడింది. మిగతా చేపలతోపాటు ఫ్రీజర్‌లోకి వెళ్లిపోయిన దాన్ని 2013లో శాస్త్రవేత్త మార్క్ గ్రేస్ గమనించాడు. ముందు రెక్కల దగ్గర జేబుల్లాంటి సంచులు ఉన్నాయి. 2019లో మొల్లిస్‌క్వామా మిసిసిపియెన్సిస్ అని పేరు పెట్టారు. ఇప్పుడది లూసియానాలో టులేన్ విశ్వవిద్యాలయం చేపల సేకరణలో ఉంది. ఆ పేరుకు ఆధారం ఆ ఒక్క చేపే. దాని దగ్గరి బంధువు కూడా ఒక్కటే, 1979లో పసిఫిక్‌లో దొరికిన ఆడది.

నా మాట ఒక్కటే. ఇలాంటిదాని మీద కత్తి పెట్టకూడదు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని శక్తిమంతమైన ఎక్స్‌రే యంత్రం సింక్రోట్రాన్‌లో స్కాన్ చేసి, ఒక్క గాటు పెట్టకుండానే లోపలి అస్థిపంజరం చూశారు. పసిఫిక్‌దానికంటే వెన్నుపూసలు 10 తక్కువని తేలింది. ఇంకేం కావాలి?

మైక్రోటోమ్:
ఇంకా చాలా కావాలండీ. ఆ జేబు ఎందుకుందో వెన్నుపూసలు చెప్పవు కదా! వెలుగునిచ్చే ద్రవం అందులోంచి చిమ్ముతుందని అనుమానం ఉండేది. 2020లో కణజాలాన్ని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే దానికి గట్టి ఆధారం దొరికింది. ఆ కోత లేకపోతే ఇప్పటికీ 'బహుశా' అంటూ ఉండేవాళ్లం. సీసాలో పెట్టి దణ్ణం పెట్టుకోవడానికి మ్యూజియం గుడి కాదు.

తీరవాసి:
గుడి అని నేనెక్కడన్నాను? ఒకరికి జేబు కావాలి, తర్వాతివారికి కాలేయం, ఆ తర్వాతివారికి కన్ను. ఇలా పోతే చివరికి సీసాలో చీటీ మిగులుతుంది. కార్కారైనస్ అబ్సోలీటస్ సంగతి చూడండి. బోర్నియోలో 1897లో పట్టిన చిన్న సొర వియన్నా మ్యూజియంలో వందేళ్లకు పైగా ఉంది. అది వేరే జాతి అని 2019లో గానీ తేల్చలేదు. 1934 తర్వాత ఆ జాతి ఎవరికీ కనబడలేదు. ఆ రోజుల్లోనే ఎవరో ముచ్చటపడి ముక్కలు చేసి ఉంటే?

అడ్డుపుల్ల:
గొడవెందుకు, ఇంకోటి పట్టుకొస్తే సరి!

మైక్రోటోమ్:
లోతు సముద్రంలో అరచేయంత చేపను వెతికి పట్టడమా? మీరే వల వేయండి సార్, డీజిల్ ఖర్చు మేం చందా వేసుకుంటాం.

జాడీ కాపరి:
ఒక యూనివర్సిటీ చేపల సేకరణలో పనిచేస్తాను, ఆ అనుభవంతో చెప్తున్నా. 'కోత' అనగానే ముక్కలుముక్కలు చేయడం అనుకుంటున్నారు. చేపల్లో చాలా భాగాలు రెండు వైపులా ఉంటాయి. అందుకే మామూలుగా కొలతలన్నీ ఎడమవైపు తీస్తాం. కోయక తప్పకపోతే కుడివైపు కోస్తాం. తీసిన ముక్క, దాంతో చేసిన స్లైడ్లు అదే నంబరుతో సేకరణలోనే ఉంటాయి, చెత్తబుట్టలోకి పోవు.

నా టెన్షన్ కత్తి గురించి కాదు, చేపలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ద్రవం గురించి. అందులో వేశాక డీఎన్ఏ తీయడం కష్టమైపోతుంది. ఈ సొర ఫ్రీజర్‌లో ఉండటం దాని అదృష్టం. ఎవరికీ తెలియని చిన్న చేప దొరికితే ముందు కాస్త కండ తీసి విడిగా దాచాలి, ఆ తర్వాతే ఫార్మలిన్. దీని మీద ఎవరూ చర్చలు పెట్టరెందుకో!

తీరవాసి:
స్లైడ్లు దాస్తారు సరే. స్లైడు మళ్లీ చేప అవుతుందా? నా షరతు ఇది: స్కాన్‌తో తేలని ప్రశ్న ఏదో కోత అడిగేవాళ్లు ముందే కాగితం మీద రాసివ్వాలి.

జాడీ కాపరి:
మా దరఖాస్తు ఫారంలో అడిగేది అదేనండీ. చాలా దరఖాస్తులు ఆ గడి దగ్గరే ఆగిపోతాయి.