పెంతెకొస్తు లాంగ్ వీకెండ్‌కి బెర్లిన్: సైకిల్ తెచ్చుకోవాలా వద్దా?

అందరికీ నమస్తే. మార్చిలో జర్మనీలోని మాగ్డెబుర్గ్‌కి మాస్టర్స్‌కి వచ్చాను, మాది నరసరావుపేట. పెంతెకొస్తుకి సోమవారం కూడా సెలవంట కదా, మూడ్రోజులు బెర్లిన్ తిరుగుదామని ప్లాన్. ఇక్కడ కొన్న సెకండ్‌హ్యాండ్ సైకిల్ ట్రెయిన్‌లో వేసుకొస్తే కుదురుతుందా? డాయిచ్‌లాండ్ టికెట్ (లోకల్, రీజనల్ రైళ్లకి నెలవారీ పాస్) ఉంది. వీడియోలు చూసి ఇరవై రెండు ప్లేసులు రాసుకున్నా, అయిపోతాయా అన్నా?

——

తమ్ముడూ, ఇరవై రెండా? అది తీర్థయాత్రల బస్సు లెక్క, దిగడం దణ్ణం పెట్టడం ఎక్కడం. ఆ లిస్టు పక్కన పడెయ్. పదకొండేళ్లుగా ఇక్కడుంటున్నా, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నేను చెప్పేది ఒకటే, ఊరిని తూర్పు, పడమరలుగా చీల్చిన బెర్లిన్ గోడ ఎక్కడెక్కడ ఉండేదో ఆ గీత పట్టుకుని తిరుగు, మిగతా ఊరు దార్లోనే తగుల్తుంది.

సైకిల్ తేవద్దు. ఆర్‌ఈ1 రీజనల్ రైలు డైరెక్ట్‌గా వస్తుంది, నీకు నీ టికెట్ చాలు గానీ సైకిల్‌కి వేరే కొనాలి, పైగా ఆ మూడ్రోజులూ సగం జర్మనీ సైకిళ్లేసుకుని బయల్దేరుతుంది, బోగీలో చోటు లేదన్నారంటే నువ్వూ నీ సైకిలూ ప్లాట్‌ఫాం మీదే. ఇక్కడే అద్దెకి తీస్కో. డిపాజిట్ అడిగితే డబ్బులు కట్టు, పాస్‌పోర్ట్ మాత్రం ఎవడి చేతిలోనూ పెట్టకు. తాళం వేసేటప్పుడు ఫ్రేముని కూడా కలిపి కదలని స్తంభానికి వెయ్యి, ఉత్త చక్రానికి వేస్తే చక్రమే మిగుల్తుంది, నాకు మిగిలింది.

శనివారం దిగగానే రోడ్డెక్కకు. నీకు సైకిల్ తొక్కడం వచ్చు, కాదన్ను, కానీ కుడిపక్కన తొక్కడం రాదు. సైకిల్‌ని నడిపించుకుంటూ అయినా సరే ముందు టెంపెల్‌హోఫర్ ఫెల్డ్‌కి పో. పాత ఎయిర్‌పోర్ట్ అది. 1948లో సోవియట్ వాళ్లు పడమటి బెర్లిన్‌కి దార్లు మూసేస్తే బొగ్గూ పిండీ విమానాల్లో తెచ్చి దించిన చోటు. 2008లో మూసేశారు, 2010లో పార్కుగా తెరిచారు, 2014లో అంచుల్లో ఇళ్లు కడతామంటే ఊరోళ్లు ఓట్లేసి మరీ వద్దన్నారు (మన దగ్గరైతే ఈపాటికి ప్లాట్లు కొట్టి ఆర్చి కట్టేసేవాళ్లు). దాదాపు రెండు కిలోమీటర్ల రన్‌వే, ఒక్క కారుండదు. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చెయ్యి చాపి సిగ్నల్ ఇవ్వడం, బ్యాలెన్స్ తప్పకుండా భుజం మీంచి వెనక్కి చూడ్డం, ఈ రెండూ వచ్చేదాకా అక్కడే తిరుగు. ఎదురుగాలికి తొడలు పట్టేస్తాయి, అదీ ఒక అనుభవమే. చీకటి పడేసరికి గేట్లు వేసేస్తారు చూస్కో.

ఆదివారం సైకిల్ ముట్టుకోకు, బెర్నావర్ స్ట్రాసె నడిచి చూడాల్సిందే. ఆ వీధిలో ఇళ్లు తూర్పువి, గుమ్మం ముందు ఫుట్‌పాత్ పడమటిది. 1961 ఆగస్టు 13న ముళ్లకంచె వేయడం మొదలెట్టాక జనం కిటికీల్లోంచి ఫుట్‌పాత్ మీదకి దూకేశారు, తర్వాత ఆ కిటికీలు ఇటుకలతో మూసేశారు. ఇప్పుడు గోడ లేని చోట వరసగా తుప్పురంగు ఇనప కడ్డీలు పాతారు, పక్క నుంచి చూస్తే గోడలాగే కనపడుతుంది, ఎదురుగా నిలబడితే మధ్యలోంచి అవతలకి వెళ్లిపోవచ్చు. నేను మొదటిసారి ఊరికే నాలుగైదుసార్లు అటూ ఇటూ దాటా. అక్కడున్న చర్చిని 1985లో తూర్పు ప్రభుత్వం పేల్చేసింది, దాని స్థలంలో ఇప్పుడు చిన్న చాపెల్ ఉంది, మట్టిని పొరలు పొరలుగా కూరి కట్టిన గోడలు, పాత చర్చి ఇటుక పెంకులు కూడా అందులోనే కలిపేశారు. చెయ్యి ఆనించి చూడు, మా తాతగారి ఇంటి గోడ గుర్తొచ్చింది నాకు. అక్కణ్ణుంచి మావర్‌పార్క్ దగ్గరే, ఆదివారం పాత సామాన్ల సంత.

సోమవారం సైకిల్. బ్రాండెన్‌బుర్గ్ గేటు దగ్గర రోడ్డు మీద రెండు వరసల రాళ్లు కనపడతాయి, అదే గోడ ఉన్న గీత, అది పట్టుకుని పోట్స్‌డామర్ ప్లాట్స్, చెక్‌పాయింట్ చార్లీ (అప్పటి సరిహద్దు తనిఖీ గేటు, ఫొటో తీస్కుని కదులు, అక్కడంతా టూరిస్టు గోల), ఆఖర్న ష్ప్రే నది ఒడ్డున ఈస్ట్ సైడ్ గ్యాలరీ, 1.3 కిలోమీటర్ల గోడ మీద బొమ్మలు. గీత మధ్యమధ్యలో బిల్డింగుల కిందకి పోయి మాయమైపోతుంది, కంగారు పడకు.

——

అన్న ట్రాం పట్టాల సంగతి చెప్పలేదు. తూర్పు వైపు ఎక్కడ చూసినా పట్టాలే, బెర్నావర్ మీద కూడా. ఏటవాలుగా దాటావా, ముందు చక్రం ఆ సందులో ఇరుక్కుంటుంది. నా గడ్డం కింద మూడు కుట్లు దానివే. హ్యాండిల్ బాగా తిప్పి అడ్డంగా దాటాలి, వాన పడితే దిగి నడిపించు, సిగ్గేం లేదు.

ఫోన్ చేతిలో పట్టుకుని తొక్కితే 55 యూరోలు ఫైన్, ఫుట్‌పాత్ మీద తొక్కినా అంతే, రెడ్ లైట్ అయితే 60 నుంచి మొదలు. మ్యాప్ చూడాలంటే పక్కకి ఆగు.

ఇంకోటి, ఆదివారం సోమవారం రెండ్రోజులూ సూపర్‌మార్కెట్లు బంద్. హవుప్ట్‌బాన్‌హోఫ్‌ (మెయిన్ రైల్వే స్టేషన్) లోవి తెరుస్తారు గానీ క్యూ తిరుపతిని తలపిస్తుంది. శనివారమే బ్రెడ్డూ పెరుగూ కొనుక్కో, పులిహోర కలుపుకొస్తే శనివారం దాకా ఢోకా లేదు. కర్రీవుర్స్ట్‌లో కర్రీ అని ఉంది కదాని ఆర్డరిచ్చేయకు, మామూలుగా అది పంది మాంసం సాసేజ్, తినేవాడివైతే సరే.

——

థాంక్స్ అన్నా, అక్కా. ఒక డౌట్, షాపు ఫొటోల్లో కొన్ని సైకిళ్లకి ఒక్క చేతి బ్రేకే ఉంది, రెండోది ఊడిపోయిందా?

——

ఊడిపోలేదురా, వెనక బ్రేకు పెడల్లోనే ఉంటుంది. మనం ఊర్లో ఖాళీగా ఉన్నప్పుడు పెడల్ వెనక్కి టకటకా తిప్పుతాం చూడు, అలా తిప్పావంటే ఇక్కడ సైకిల్ టక్కున ఆగిపోతుంది, వెనకొచ్చేవాడు నీ మీదే. రెండు చేతి బ్రేకులున్నదే ఇవ్వమని అడుగు. లేదన్నాడంటే టెంపెల్‌హోఫ్‌లో ఇంకో గంట ఎక్కువ తొక్కు. దిగాక మెసేజ్ పెట్టు, శనివారం సాయంత్రం నేనూ అటే వస్తా.