వోఢారం పితరం: ‘అక్రమ సంతానం’ అన్న మాటకు బదులేది?

కోర్టు కాగితాలు తెలుగు చేయడం నా పని. మొన్న ఒక మనోవర్తి కేసులో ‘అక్రమ సంతానం’ అని టైపు చేశాక, పక్క వరుసలో బాబు వయసు కనబడింది. నాలుగేళ్లు. చెయ్యి ముందుకు సాగలేదు.

మంచి మాట పాతవాటిలో దొరుకుతుందేమోనని వ్యాసభారతం ఉద్యోగపర్వం తీశాను. రాయబారం చెడిపోయాక కృష్ణుడు కర్ణుణ్ణి రథం ఎక్కించుకుని ఏకాంతంగా చెప్పే శ్లోకం ఇది:

కానీనశ్చ సహోఢశ్చ కన్యాయాం యశ్చ జాయతే
వోఢారం పితరం తస్య ప్రాహుః శాస్త్రవిదో జనాః

కానీనుడు పెళ్లికాని పిల్లకు పుట్టినవాడు. సహోఢుడు పెళ్లినాటికే తల్లి కడుపులో ఉన్నవాడు. వోఢ అంటే పెళ్లాడినవాడు. నవోఢలో ఉన్న ‘ఊఢ’ కూడా ఆ ధాతువుదే. ఆ తల్లిని ఎవరు చేసుకుంటే అతనే ఈ బిడ్డలకు తండ్రి అని శాస్త్రం తెలిసినవాళ్లు అంటారట. అందుకే వెంటనే ‘పాండోః పుత్రోఽసి ధర్మతః’ అంటాడు. సూర్యుడి వల్ల పుట్టినా ధర్మం ప్రకారం నువ్వు పాండురాజు కొడుకువి అని. ఆ ‘ధర్మతః’ను నేను రోజూ ‘చట్టరీత్యా’ అని టైపు చేస్తుంటాను.

మన చట్టం లెక్క కూడా దీనికి దగ్గరే. 1872 సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116వది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టినా, పెళ్లి రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా 280 రోజుల్లోపు పుట్టినా ఆ భర్తే తండ్రి. గర్భం నిలిచే రోజుల్లో ఇద్దరూ కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప అది మారదు. అడిగినంత మాత్రాన డీఎన్‌ఏ పరీక్షకు కోర్టు ఒప్పుకోదు. వేరొకాయన తన తండ్రి అంటూ పరీక్ష కోరిన కేరళ యువకుడి కేసులో, 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అతను పుట్టేనాటికి తల్లి పెళ్లి నిలిచే ఉంది మరి.

నాకు నచ్చింది ఏమిటంటే, కానీనుడు, సహోఢుడు, గూఢోత్పన్నుడు (ఎవరి వల్లో తెలియకుండా ఇంట్లో పుట్టినవాడు) అన్న ప్రతి మాటా బిడ్డను ఎవరో ఒకరి ఇంటికి చేరుస్తుంది. ‘అక్రమ’ అన్నది గుమ్మం బయట నిలబెడుతుంది. మీరేమంటారు?

— జవాబు —

అమ్మా, శ్లోకం బాగా పట్టుకున్నావు. కానీ పాత మాటల్ని మరీ నెత్తికెత్తుకోకు. మనువు పన్నెండు రకాల కొడుకుల్ని చెప్పి, ఆరుగురికి ఆస్తీ బంధుత్వమూ ఇచ్చాడు. మిగతా ఆరుగురికి బంధుత్వమే, ఆస్తి లేదు. నీ కానీనుడూ సహోఢుడూ ఆ రెండో పట్టీలోవాళ్లే. మొదటి పీట ఔరసుడిది. ఉరస్సు అంటే రొమ్ము, దాని నుంచి వచ్చిన మాట. అయినా తనకు పుడితే చాలదు, సంస్కారంతో పెళ్లాడిన భార్యకు పుట్టాలి.

దత్తుడి దగ్గర ‘అద్భిః’ అన్నాడు, నీళ్లతో ఇవ్వాలని. మా తాతగారు దత్తు వచ్చినవారే. ఆ దస్తావేజులో ‘ధారపోసి యిచ్చితిమి’ అన్న చోట సిరా అలుక్కుపోయి ఉండేది. మా నాయనమ్మ అక్కడ వేలు పెట్టి చూపించేది. 1956 హిందూ దత్తత చట్టం దత్తహోమం తప్పనిసరి కాదంది. ఇచ్చేవాళ్లు ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్లు పుచ్చుకోవాలి, అంతే.

— జవాబు —

మాస్టారూ, ఆ పట్టీ సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆస్తి దగ్గర ఇప్పటి చట్టమే మెరుగు. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, పెళ్లి చెల్లకపోయినా ఆ బిడ్డ చట్టబద్ధమైన బిడ్డే. ఉమ్మడి ఆస్తిలో అమ్మానాన్నలకు వచ్చే వాటాలో ఆ బిడ్డకూ హక్కు ఉందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

మాటల దగ్గరే నాకు బాధ. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసొకటి ఉంది. భర్త పోయాక ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని, బాబుకు కొత్త ఇంటిపేరు పెట్టింది. కన్నతండ్రి పేరు రాయాలి, వీలుకాకపోతే ఇప్పటి భర్తను సవతి తండ్రి అని రాయాలి అంది హైకోర్టు. అలా రాయమనడం క్రూరమైన పని, పిల్లవాడి మనసు ఏమవుతుందో ఆలోచించలేదు అని 2022లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదే అంది. ఒక్క మాట కోసం అంత దూరం వెళ్లిన ఆ తల్లికి దణ్ణం పెట్టాలి.

కర్ణుడి జవాబు కూడా చూడండి. ధర్మతః పాండు పుత్రుణ్ణని తెలుసు అంటాడు. అయినా వెళ్లడు. నామీది ప్రేమతో రాధకు అప్పటికప్పుడు పాలు పడ్డాయి, నా మలమూత్రాలు ఆమె ఎత్తింది, నాకు జాతకర్మ చేయించింది అధిరథుడు అంటాడు.

నా కాగితంలో ‘అక్రమ సంతానం’ కొట్టేశాను. ‘చెల్లని పెళ్లి వల్ల కలిగిన బిడ్డ’ అని రాశాను. చెల్లనిది పెళ్లి కదా, బిడ్డ కాదు. దీనికన్నా పొట్టి మాట ఎవరికైనా తడితే చెప్పండి, సోమవారం ఫైలు ఇవ్వాలి.