జామ్ కాని పిస్టల్ ఏది? మొదటిసారి కొంటున్నాను, సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా షూటింగ్ క్లబ్బులో పిస్టల్ నేర్చుకుంటున్నాను. ఈ మధ్యే లైసెన్స్ వచ్చింది. సొంతంగా ఒక సెమీ ఆటోమేటిక్ కొనుక్కోవాలని ఉంది, ముఖ్యంగా రేంజ్‌లో ప్రాక్టీసుకి.

నా భయమల్లా జామ్ గురించే. క్లబ్బు వాళ్ల 9 ఎంఎం పిస్టల్ నా చేతిలో రెండు మూడు మ్యాగజైన్లకు (తూటాలు నింపి పిడిలో పెట్టే డబ్బా) ఒకసారి ఆగిపోతోంది. ఎక్కువసార్లు పేలిన తూటా ఖాళీ కేసు బయటికి ఎగరకుండా స్లైడ్‌లో (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) ఇరుక్కుని పొగగొట్టంలా నిటారుగా నిలబడుతుంది. ఒక్కోసారి కొత్త తూటా సగం లోపలికి వెళ్లి ఆగుతుంది. ఒకసారి ఆగిందంటే ఇక ఆ తర్వాత ప్రతి షాట్‌కీ టెన్షనే, గురి అంతా చెదిరిపోతోంది. అదే పిస్టల్ మా కోచ్ తీసుకుంటే ఒక్కసారి కూడా ఆగదు!

నా చేతులు చిన్నవి, స్లైడ్ లాగడం కూడా కష్టంగానే ఉంది. అందుకే చిన్న సైజు పిస్టల్ అయితే నాకు వీలుగా ఉంటుందేమో అనుకుంటున్నాను. ఏ కంపెనీ, ఏ మోడల్ తీసుకుంటే ఈ బాధ ఉండదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు 1 (చాలా ఏళ్లుగా గ్లాక్ వాడుతున్నాను)

గ్లాక్ 17 గానీ 19 గానీ తీసుకోండి, ఇంకేం ఆలోచించక్కర్లేదు. 1982లో ఆస్ట్రియా సైన్యం 17ని తీసుకున్నప్పటి నుంచి ఎన్నో దేశాల పోలీసులు వాడుతున్నారు. లోపల విడిభాగాలు తక్కువ, విప్పడం తేలిక. 17లో 17 తూటాలు, 19లో 15 పడతాయి. నాది వర్షంలో తడిసింది, దుమ్ములో పడింది, ఎప్పుడూ మొండికేయలేదు.

జవాబు 2 (తుపాకుల రిపేరు నా పని)

అమ్మా, పైన చెప్పింది మంచి పిస్టలే, కాదనను. కానీ మోడల్ సంగతి తర్వాత చూద్దాం. కోచ్ చేతిలో ఆగదు, మీ చేతిలో ఆగుతుంది అన్నారు చూశారా, సగం జవాబు అందులోనే ఉంది. 19 ఏళ్లుగా క్లబ్బుల పిస్టళ్లు బాగుచేస్తున్నాను. జామ్ అని తెచ్చినవాటిలో పిస్టల్ తప్పు లేనివే ఎక్కువ.

తూటా పేలగానే స్లైడ్ వెనక్కి వెళ్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం ఖాళీ కేసు అంచుని పట్టుకుని చాంబర్‌లోంచి (తూటా పేలే గది) లాగుతుంది. ఆ కేసు ఫ్రేమ్‌లో (పిడితో కలిసి ఉండే కింది భాగం) ఉన్న ఎజెక్టర్ అనే ముక్కకి తగిలి పక్కకి ఎగిరిపోతుంది. స్ప్రింగ్ స్లైడ్‌ని మళ్లీ ముందుకు తోసినప్పుడు మ్యాగజైన్‌లో పైనున్న తూటా చాంబర్‌లోకి వెళ్తుంది. కన్ను మూసి తెరిచేలోపు ఇదంతా అయిపోతుంది. ఇది సరిగ్గా జరగాలంటే స్లైడ్ కదలాలి, ఫ్రేమ్ కదలకూడదు. మణికట్టు వదులుగా ఉంటే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది. అప్పుడు స్లైడ్‌కి పూర్తి దూరం దొరకదు, కేసు ఎజెక్టర్‌కి గట్టిగా తగలదు, బయటపడేలోపే స్లైడ్ దాని మీద మూసుకుంటుంది. మీరు చెప్పిన పొగగొట్టం ఇదే. ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్న తేలికపాటి పిస్టళ్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఫ్రేమ్‌కి నిలబడే బరువు ఉండదు. అరచేతిని వెనకవైపు వీలైనంత పైకి పట్టించి, రెండో చేత్తో ముందునుంచి గట్టిగా బిగించి, మణికట్లు తాళం వేసినట్టు పెట్టి కాల్చి చూడండి.

రెండోది మ్యాగజైన్. నా టేబుల్ మీదకి జామ్ అయ్యే పిస్టల్ వస్తే నేను ముందు అడిగేది మ్యాగజైనే. దాని పైన రెండువైపులా లోపలికి వంగిన రేకు అంచులుంటాయి, వాటినే పెదవులంటాం. పైకి వచ్చే తూటా ఎంత ఎత్తులో, ఏ కోణంలో నిలబడాలో నిర్ణయించేది అవే. నిండు మ్యాగజైన్ గచ్చు మీద ఒక్కసారి తలకిందులుగా పడితే చాలు, పెదవులు కొద్దిగా విచ్చుకుంటాయి. కంటికి కనిపించదు. బాగున్న మ్యాగజైన్ పక్కన పెట్టి కొలిస్తేనే తేడా తెలుస్తుంది. క్లబ్బు మ్యాగజైన్లు ఎన్ని చేతులు మారతాయో, ఎన్నిసార్లు కింద పడతాయో మీకే తెలుసు. ఒక్కోదాని మీద పెయింట్‌తో నంబరు వేయండి. ఆగిన ప్రతిసారీ ఏ నంబరో, ఎలా ఆగిందో రాసుకోండి. ఖాళీ కేసు ఇరుక్కోవడం వేరు, కొత్త తూటా ఎక్కకపోవడం వేరు. రెండింటినీ జామ్ అనే ఒక్క మాటతో సరిపెడితే కారణం ఎప్పటికీ దొరకదు.

ఇంకో మాట. ఎప్పుడైనా షాట్ చప్పుడు మామూలుగా కాకుండా టప్‌మని బలహీనంగా వస్తే వెంటనే ఆపేయండి. బుల్లెట్ బారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. వెనకాలే ఇంకొకటి కాలిస్తే బారెల్ పగలొచ్చు. పిస్టల్ ఖాళీ చేసి బారెల్ చూడకుండా తర్వాతి తూటా ఎక్కించకండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గురి దిశ మార్చకుండా 30 సెకన్లు ఆగి అప్పుడు తీయండి.

ఇప్పుడు మోడళ్లు. సీజెడ్ 75 అని 1975 నాటి డిజైన్ ఉంది, ఇనుప ఫ్రేమ్, చేతిలో కుదురుగా ఉంటుంది. కానీ అందులో స్లైడ్ ఫ్రేమ్ లోపల జరుగుతుంది కాబట్టి బయట పట్టుకోవడానికి మిగిలే ఎత్తు తక్కువ. స్లైడ్ లాగడం కష్టం అంటున్న మీకు అది ఇబ్బందే. బెరెట్టా 92 స్లైడ్ పైన తెరిచి ఉంటుంది, కేసు బయటికి పోవడానికి దారి ఎక్కువ. అయితే పిడి లావు, మొదటి షాట్‌కి ట్రిగ్గర్ దూరం, చిన్న చేతికి వేలు అందదు. 1911 అనే మోడల్ పిడి సన్నం, ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది. కానీ దాని ఎక్స్‌ట్రాక్టర్ బిగువు, మ్యాగజైన్ నాణ్యత సరిగ్గా కుదరాలి, చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే అది. గ్లాక్ విషయంలో నేను ప్రతి కొత్తవాళ్లకీ చెప్పేది ఒకటుంది: శుభ్రం చేయడానికి విప్పే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ లాగి, చాంబర్‌ని కంటితో చూసి, వేలు పెట్టి తడిమిన తర్వాతే ఆ ట్రిగ్గర్ ముట్టుకోవాలి. స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ లో ట్రిగ్గర్ నొక్కకుండా విప్పే వీలుంది, పిడి వెనక భాగం చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు కూడా. మీకు నేను ముందు చూడమనేది ఈ ఎం అండ్ పీనీ, గ్లాక్ 19నీ.

చిన్న పిస్టల్ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. స్లైడ్ పొట్టిదైతే దానికి ప్రయాణించే దూరం తక్కువ, అందుకే స్ప్రింగ్ బిగువుగా పెడతారు. లాగడానికి ఇంకా కష్టం, పేలినప్పుడు చేతికి తగిలే దెబ్బ ఎక్కువ, మణికట్టు తప్పుల్ని అస్సలు క్షమించదు. చేతులు చిన్నవని చిన్న పిస్టల్ కొని ఆరు నెలల్లో అమ్ముకున్నవాళ్లని చాలామందిని చూశాను.

సైన్యం వాడే క్యాలిబర్లు (తూటా సైజులు) మామూలు జనానికి ఇవ్వని దేశాలున్నాయి. మీ లైసెన్స్ .32కే అయితే ఒక విషయం తెలుసుకోండి. 1899 నుంచి ఉన్న ఆ తూటాకి అడుగున అంచు కొంచెం బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి పడితే రెండూ ఒకదానికొకటి చిక్కుకుంటాయి. పొడవు తక్కువ ఉన్న తూటాలతో ఇది ఎక్కువ. నింపేటప్పుడు ప్రతి తూటా అంచు దాని కింది తూటా అంచుకి ముందుండేలా చూసుకోవాలి.

ఏది కొన్నా లోపల ఏదీ మార్చకండి. ఇది నేను చేసిన తప్పు కాబట్టి చెబుతున్నాను. ట్రిగ్గర్ మెత్తగా ఉంటుందని నా పిస్టల్‌లో సుత్తి స్ప్రింగ్ తీసి తేలికది వేశాను. ప్రాక్టీసులో వంద తూటాలు చక్కగా పేలాయి. పోటీ రోజు వేరే రకం తూటాలు తీసుకెళ్లాను, వాటి ప్రైమర్ (పిన్ను తగలగానే మందుని అంటించే అడుగు బిళ్ల) గట్టిది. పది షాట్లలో మూడు పేలలేదు. తీసి చూస్తే ప్రైమర్ మీద పిన్ను గుర్తు చీమ కుట్టినంత ఉంది. ఇంటికొచ్చి పాత స్ప్రింగే వేశాను, ఈనాటికీ అదే ఉంది.

జవాబు 3 (నావీ చిన్న చేతులే)

స్లైడ్ గురించి నేను చెబుతాను. రెండు వేళ్లతో వెనక చివర పట్టి లాగితే నాకూ వచ్చేది కాదు. అరచేయి మొత్తం స్లైడ్ పైనుంచి వేసి బిగించి పట్టుకుని, పిస్టల్‌ని ఒంటికి దగ్గరగా తెచ్చి, స్లైడ్‌ని లాగే బదులు కుడిచేత్తో ఫ్రేమ్‌ని ముందుకు తోయండి. బారెల్ మాత్రం లక్ష్యం వైపే ఉండాలి, ఒంటికి దగ్గరగా తెచ్చే హడావుడిలో పక్కకి తిరుగుతుంది, నాకు మొదట్లో కోచ్ పదేపదే చెప్పాల్సి వచ్చింది. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే.

షాపులో పట్టుకుని చూసేటప్పుడు పిడి పట్టుకోవడం ఒక్కటే చూడకండి. బారెల్ మీ ముంజేతితో ఒకే వరసలో ఉండగా వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదకి వస్తోందా లేదా చూడండి. దాని కోసం చేతిని పక్కకి తిప్పాల్సి వస్తే అది మీ పిస్టల్ కాదు.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

సార్, మీరు చెప్పినట్టే చేశాను. మూడు మ్యాగజైన్లకు తెల్ల పెయింట్‌తో 1, 2, 3 వేసి రెండు రోజుల్లో 120 తూటాలు కాల్చాను. మణికట్టు బిగించాక పొగగొట్టం ఒక్కసారి కూడా రాలేదు. కానీ కొత్త తూటా ఆగడం మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ 2వ నంబరే. తూటా ముక్కు చాంబర్ కింద వాలుకి గుచ్చుకుని ఆగింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. మా కోచ్ క్లబ్బు మ్యాగజైన్ వాడరు, తన సంచిలోంచి సొంతది తీస్తారు. ఇన్నాళ్లూ నేను గమనించనేలేదు.

గ్లాక్ 19, ఎం అండ్ పీ రెండూ పట్టుకుని చూశాను. రెండోదాని పిడికి చిన్న వెనక భాగం వేస్తే వేలు సరిగ్గా అందింది. అదే తీసుకుందామనుకుంటున్నాను. కొన్నాక ఎన్ని తూటాలు కాల్చి చూస్తే నమ్మొచ్చు?

జవాబు 2 (మళ్లీ నేనే)

చాలా సంతోషం అమ్మా. ఆ 2వ నంబరుని క్లబ్బు వాళ్లకి చూపించి పక్కన పెట్టించండి, లేకపోతే రేపు ఇంకో కొత్తవాళ్లు మీలాగే పిస్టల్‌ని తిట్టుకుంటారు.

కొన్నాక ముందు విప్పి తుడిచి, స్లైడ్ జరిగే పట్టాల మీద, బారెల్ పైభాగంలో ఒక్కో చుక్క నూనె వేయండి. ఫైరింగ్ పిన్ ఉండే రంధ్రంలో మాత్రం నూనె వద్దు, అక్కడ మసి పేరుకుని దెబ్బ బలం తగ్గుతుంది. మామూలు 115 లేదా 124 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) గుండ్రటి ముక్కు తూటాలతో 200 నుంచి 300 వరకు కాల్చండి. కొనే మ్యాగజైన్లన్నీ వంతులవారీగా రావాలి, వాటికీ నంబర్లు వేయండి. తర్వాత వేరే రకం తూటా వాడాలనుకుంటే దానితో విడిగా కనీసం ఇంకో వంద. మధ్యలో ఆగితే నోట్‌బుక్‌లో మ్యాగజైన్ నంబరు, తూటా రకం, ఎలా ఆగిందో రాసుకోండి. అదే మ్యాగజైన్‌తో మళ్లీ ఆగితే మ్యాగజైన్ మార్చండి. అన్నింటితోనూ ఆగితే పిస్టల్‌ని తీసుకెళ్లి కొన్నచోటే చూపించండి, మీరు విప్పి సరిచేయొద్దు.

పిస్టల్‌తో పాటే తాళం పడే పెట్టె కూడా కొనండి, తూటాలు వేరే చోట. రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని ముందుకు తోసేది) ఎన్ని తూటాలకు మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది, మీ లెక్క అదే నోట్‌బుక్‌లో నడుస్తుంది కాబట్టి సమయం వచ్చినప్పుడు తెలుస్తుంది. మొదటి 300 అయ్యాక ఏమైందో ఇక్కడ రాయండి.