విశాఖలో పాత నాణేలు: తూకానికి కొనాలా, వేలంలోనా, చిల్లరలోనే ఏరుకోవాలా?

వాల్తేరు చిల్లర:
నమస్తే అండి. 1957 తర్వాతి నాణేలు, విక్టోరియా నుంచి ఆరో జార్జి దాకా వెండి రూపాయలు పోగెయ్యాలని ఉంది. నెలకు రెండు వేలకు మించి పెట్టలేను. వాట్సాప్ గ్రూపుల్లో ఒకే నాణేనికి ఒక్కొక్కరు ఒక్కో ధర చెబుతున్నారు. కురుపాం మార్కెట్లో వెండి తూకానికే వచ్చేస్తాయని కొందరంటున్నారు. ఎక్కడ మొదలెట్టాలి? దొంగ నాణెం పట్టేదెలా?

బొమ్మాబొరుసు:
మీరన్న 1957 తర్వాతి రిపబ్లిక్ (స్వతంత్ర భారత) నాణేలకు ముందే డబ్బులు పెట్టకండి. మన దగ్గర పది రూపాయల బిళ్లంటే చాలామంది వద్దంటారు కాబట్టి కిరాణా కొట్టువాళ్లు సంతోషంగా ఇచ్చేస్తారు. 2018 జనవరి నాటికే అందులో 14 నమూనాలు ఉన్నాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. ఒక్క పది రూపాయలతోనే మంచి వరస కట్టొచ్చు.

ఏడాది ఒక్కటే చూసి పక్కన పెట్టెయ్యకండి, ఏడాది కింద గుర్తు చూడండి. వజ్రం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఏడాదికో గడి, టంకశాలకో వరస గీసుకుని కాగితం జేబులో ఉంచుకుంటే కొన్నదే మళ్లీ కొనరు.

బ్యాంకులో వంద బిళ్లల ప్యాకెట్టు అడగొచ్చు. కాకపోతే అది జనం జమ చేసిన పాత చిల్లరే కావచ్చు. టంకశాల నుంచి వచ్చిన కొత్త సంచి విప్పారా అని క్యాషియర్‌ను అడిగి తీసుకోండి. స్మారక నాణేలు ప్రభుత్వ టంకశాల వెబ్‌సైట్లో బుక్ చేసుకోవచ్చు, చేతికి రావడానికి నెలలు పట్టినా కంగారు పడకండి. ప్రూఫ్ సెట్టు (సేకర్తల కోసం అద్దంలా మెరిసేటట్టు కొట్టినవి) ఖరీదెక్కువ. అద్దంలాంటి ఆ నేల (బొమ్మ, అక్షరాలు లేని ఖాళీ భాగం) మీద వేలిముద్ర పడితే ఇక పోదు. మీ బడ్జెట్‌కు అన్‌సర్క్యులేటెడ్ సెట్టు (చలామణిలోకి వెళ్లని కొత్త నాణేలు) చాలు.

తులం:
కురుపాం మార్కెట్ మాట సగం నిజం. మామూలు ఏడాదుల అరిగిన రూపాయికి వెండి ధరే పునాది, దాని మీద కొంత కలుపుతారు. ఆ పునాది మీరే లెక్కేసుకుని వెళ్లండి. రూపాయి తూకం ఒక తులం, అంటే 11.66 గ్రాములు. 1939 దాకా వెండి 91.7 శాతం కాబట్టి అసలు వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా సగమే వెండి, 5.83 గ్రాములు. రెంటికీ ఒకే ధర చెప్పే కొట్లున్నాయి, అక్కడే మోసపోతారు. 1947 రూపాయిలో వెండే లేదు, పూర్తి నికెల్. పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది.

ఇక పరీక్ష. 0.01 గ్రాము చూపే చిన్న కాటా కొనండి. ముందు పొడి తూకం చూడండి. బాగా అరిగిన విక్టోరియా 11.4 చూపినా తప్పు కాదు. బొమ్మ స్ఫుటంగా ఉండి తూకం తక్కువైతే మాత్రం వదిలెయ్యండి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని కుట్టు దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచండి. బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది. 91.7 శాతం వెండి రూపాయికి కాటా 1.13 దగ్గర ఆగాలి, సగం వెండిదైతే 1.22. 1.3 దాటిందంటే లోపల రాగో ఇత్తడో ఉంది, పైన పూతే. గచ్చు మీద వేసి మోగించి చూడమంటారు కానీ నేనైతే ఆ మోత మీద నమ్మకం పెట్టుకోను, పైగా అంచు సొట్ట పోతుంది.

1939 రూపాయి చాలా అరుదు, మీ నెల బడ్జెట్‌లో ఎవరైనా ఇస్తానంటే అది అసలుది కాదు. 1938లో చివరి 8ని 9గా చెక్కుతారు. దానికి నీళ్ల పరీక్ష పనికిరాదు, రెండూ ఒకే వెండి. పది రెట్లు చూపే భూతద్దంతో అంకె చుట్టూ నేల చూడండి, గీకిన జాడ దొరుకుతుంది.

కాసులపేరులో నుంచి తీసినవి కూడా వస్తుంటాయి. తల పైన అంచు దగ్గర టంకం మచ్చ, పూడ్చిన చిల్లు ఉందేమో చూసుకోండి. అలాంటివి వెండి ధర కన్నా పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

వాల్తేరు చిల్లర:
చాలా థాంక్సండి. నల్లబడినవి చింతపండుతో తోమొచ్చా?

తులం:
వద్దు. విలువలో మొదట పోయేది అక్కడే. ఆ నలుపు నాణేన్ని కాపాడే పొర. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి, అంతే. సముద్రపు గాలికి రాగి నాణేలు పచ్చబడతాయి. సిలికా జెల్ పొట్లాలు డబ్బాలో వేసి, వానాకాలంలో మారుస్తుండండి. మెత్తటి పీవీసీ కవర్లు జిగురు వదులుతాయి, మైలార్ (పీవీసీ కాని గట్టి పారదర్శక ప్లాస్టిక్) కవరో, నాణెం మధ్యలో పెట్టి మూసే అట్ట ఫ్లిప్పో వాడండి. రబ్బరు బ్యాండు దగ్గరికి రానివ్వకండి, అందులోని గంధకం వెండిని నల్లగా చేసేస్తుంది.

భీమిలి దుడ్డు:
వెండి సంగతి తులం గారు చెప్పేశారు. రాగి కూడా చూడండి, మన ప్రాంతం నాణేలు అందులోనే ఉన్నాయి. 1794, 1797 తేదీలతో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల (అప్పటి కోస్తా జిల్లాల) కోసం ఇంగ్లండులోని సోహో టంకశాలలో కొట్టించిన రాగి బిళ్లల మీద రూపాయికి 48 అని ఇంగ్లిషులో ఉంటుంది. విశాఖ ఆ సర్కారుల్లోదే. భీమిలి డచ్చివాళ్ల స్థావరం కనుక వీవోసీ (డచ్చి ఈస్టిండియా కంపెనీ) ముద్ర ఉన్న డాయిట్లనే చిన్న రాగి నాణేలు కూడా ఈ సేకరణలో పెట్టదగ్గవే.

వీటికి వేలం సంస్థల కేటలాగులు నయం. పాడిన ధర మీద బయ్యర్స్ ప్రీమియం (కొన్నవారి దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము), జీఎస్టీ, పోస్టు ఖర్చు పడతాయి. ముందు అవి కలిపి మీ గరిష్ఠ ధర తేల్చుకుని, తర్వాత వెనక్కి లెక్కేసి పాడండి. రెండు వైపులతో పాటు అంచు ఫొటో కూడా అడగండి. పోత పోసిన దొంగ నాణేనికి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తుంది.

రామదర్బారు, హనుమంతుడు ఉన్న 1818 అర్ధ అణా ఎవరైనా చూపిస్తే నవ్వి వచ్చెయ్యండి, అది కంపెనీ కొట్టింది కాదు. అలాగని కంపెనీ దేవుళ్ల బొమ్మలే వెయ్యలేదనుకోకండి. మద్రాసు మూడు స్వాముల వరహా ఉంది, అది చిన్న బంగారు నాణెం.

బొమ్మాబొరుసు:
ఇంకొకటి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల బిళ్లలకు లక్షలిస్తామని, ముందు కమిషన్ కట్టమని ఫోన్లొస్తాయి. 2012లో వచ్చిన మామూలు స్మారక నాణేలవి. ఇలాంటి కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా కమిషన్ అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది.

భీమిలి దుడ్డు:
తవ్వకాల్లో దొరికిందని ఎవరైనా తెస్తే కొనకండి. భూమిలో దొరికిన సొత్తు పది రూపాయల విలువ దాటితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. ఇక్కడ దాచుకోవచ్చు కానీ, అమెరికాలో ఉన్న తమ్ముడికి పార్సిల్ చెయ్యకూడదు. కొన్న ప్రతిదానికీ తేదీ, ధర, అమ్మినవారి బిల్లు ఒక కవర్లో నాణెంతో పాటే ఉంచండి.