బెరైటీస్ మీద థాలో బ్లూ పూత నిలవడం లేదు

మంగంపేట బెరైటీస్ (బరువైన తెల్ల ఖనిజం) పొడి మీద థాలో బ్లూ (నీలం పిగ్మెంట్) ఎక్కించి ఎనామెల్ పెయింట్‌కి పిగ్మెంట్ చేస్తున్నాను. 100 పాళ్ల బెరైటీస్‌కి 1 పాలు సైలేన్ (పొడికి రంగు అతుక్కునేలా చేసే రసాయనం) వేసి అరగంట, తర్వాత 20 పాళ్ల నీలం కలిపి ఇంకో గంట మిక్సర్‌లో తిప్పి, 80 డిగ్రీల దగ్గర ఆరబెడతాను. పొడి చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఆల్కిడ్‌లో (ఎనామెల్‌కి వాడే రెసిన్) కలిపి బీడ్ మిల్లుకి (చిన్న పూసలతో నూరే యంత్రం) పెట్టాక మాత్రం 24 గంటలకే నీలం పైకి తేలి, తెల్లపొడి అడుగున చేరుతోంది. తడి పూతను వేలితో రుద్దితే ఆ చోట రంగు ముదురుతోంది. సైలేన్ 2 పాళ్లకు పెంచాను, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టాను, డిస్పర్సెంట్ (పొడి ముద్దకట్టకుండా కలిసేలా చేసే రసాయనం) మార్చాను. తేడా లేదు. ఎమల్షన్‌లో (నీటి పెయింట్; అక్కడ స్టిరర్ మాత్రమే వాడతాను) ఏ గొడవా లేదు. బెరైటీస్‌కి సైలేన్ సరిగా పట్టడం లేదని నా అనుమానం. ముందుగా దానికి పల్చటి సిలికా పూత వేస్తే, బీడ్ మిల్లులో నీలం ఊడకుండా నిలుస్తుందా?