క్యాడిస్ పురుగుది గూడా, తొడుగా?

ప్రశ్న: సెలయేటి రాళ్ల మీద ఇసుక రేణువులతో గొట్టం కట్టుకుని, తలా కాళ్లూ మాత్రం బయటపెట్టి పాకే క్యాడిస్ లార్వా గురించి బడిపిల్లలకి రాస్తున్నాను. ఆ కట్టడాన్ని ‘గూడు’ అనవచ్చా? పట్టుపురుగుకి పట్టుగూడు ఉంది కదా.

జవాబు: చిక్కు అక్కడే ఉందండి. పట్టుగూడు అనగానే లోపల కదలకుండా ఉన్న ప్యూపా గుర్తొస్తుంది. క్యాడిస్ లార్వా అలా కాదు, గొట్టాన్ని మోసుకుంటూనే తింటుంది, పెరుగుతుంది. లార్వాగా మామూలుగా ఐదు దశలు. దశ మారినప్పుడల్లా కుబుసం విడుస్తుంది గానీ గొట్టాన్ని విడవదు. ముందువైపు కొత్త రేణువులు అతికిస్తూ, ఇరుకైపోయిన వెనక కొసను కొరికేస్తుంది. వేసుకు తిరిగేది కాబట్టి ‘తొడుగు’ అనండి.

ఇంకొకరు: ‘ఒర’ అంటే ఇంకా అందంగా ఉండదూ?

జవాబు: ఒరకి ఒక కొస మూసి ఉంటుంది. దీనికి రెండు కొసలూ తెరిచే ఉండాలి. లార్వా పొట్టను అలలా ఆడిస్తూ ముందు నుంచి నీరు లాగి వెనక నుంచి వదులుతుంది. పొట్ట మీది మొప్పలకి ఆక్సిజన్ అందేది ఆ నీటితోనే. వెనక రంధ్రం బురదతో పూడితే ఆ పారుదల ఆగిపోతుంది. ‘గుల్ల’ కూడా వద్దు. నత్తగుల్ల ఒంట్లోంచి ఊరి గట్టిపడేది, ఇది ఏరి కట్టుకున్నది. 1834లో ఐజాక్ లీ అనే శాస్త్రవేత్త, హెలికోసైకీ అనే రకం క్యాడిస్ కట్టిన చుట్ట తిరిగిన ఇసుక తొడుగును చూసి కొత్త నత్త అనుకుని పేరు కూడా పెట్టేశాడు!

ప్రశ్న: రేణువులను ‘జిగురుతో’ అతికిస్తుందని రాశాను.

జవాబు: ‘పట్టుతో’ అని మార్చండి. కింది పెదవి దగ్గర నుంచి వచ్చే దారం అది, నీటిలోనే అంటుకుంటుంది. క్యాడిస్ సీతాకోకచిలుకలకి దగ్గరి చుట్టం కదా, ఆ పట్టు బంధుత్వం పిల్లలకి తెలియాలి.

ఇంకొకరు: మరి ‘గూడు’కి చోటే లేదా?

జవాబు: ఉంది. హైడ్రోసైకీ అనే మరో రకం క్యాడిస్ లార్వా తొడుగు మోయదు. రాయికి అంటిన గూట్లో ఉండి, పక్కనే ప్రవాహానికి ఎదురుగా వల కడుతుంది. అక్కడ గూడు, వల అనే మాటలు చక్కగా అతుకుతాయి.

ప్రశ్న: అయితే ఇలా రాస్తాను: ‘లార్వా తొడుగుతో తిరుగుతుంది. ప్యూపా అయ్యే ముందు ఆ తొడుగునే రాయికి అంటించి, రెండు కొసలూ నీరు పారేలా మూసి, గూడు చేసుకుంటుంది.’

జవాబు: బాగుంది. మొదట ‘చాలా జాతుల్లో’ అని చేర్చండి. రయకోఫిలా అనే రకం క్యాడిస్ లార్వాకి తొడుగే ఉండదు, ప్యూపా కావడానికి మాత్రమే చిన్న రాళ్లతో గూడు కడుతుంది.