టెన్నిస్ ఓపెన్ డే పనులు: గేటు దగ్గర ఎవరుంటారు?

అందరికీ నమస్కారం. సెలవు మీద అనంతపురం వచ్చాను, అందుకే మొన్నటి కాల్‌లో చేరలేకపోయాను. మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్ల కోసం పెడుతున్న ఓపెన్ డేకి, అంటే కొత్తవాళ్లు వచ్చి టెన్నిస్ ఆడి చూసే రోజుకి, రెండు టెన్నిస్ క్లబ్బులూ ఆదివారం పొద్దున కోర్టులు ఉచితంగా ఇస్తామన్నాయని చదివి చాలా సంతోషమేసింది. కానీ షెడ్యూల్‌లో ఒకటి మార్చాలి. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, జనం బాగా వచ్చే టైమంతా, ఇప్పటికే ఆడేవాళ్ల డబుల్స్ పెట్టారు. అప్పుడు కొత్తవాళ్లు ఏం చేస్తారు? కంచె బయట కాసేపు నిలబడి, టిఫిన్ తిని ఇంటికి పోతారు.

పోయిన ఏడాది మా అమ్మ మెల్‌బోర్న్‌లో నా దగ్గర మూడు నెలలుంది. మా పాపను కోచింగ్‌కు తీసుకెళ్లి కంచె బయట బెంచీ మీద కూర్చునేది. ఒక్కరోజూ లోపలికి అడుగు పెట్టలేదు. నేనూ రమ్మనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నిన్న సాయంత్రం మిద్దె మీద ట్యాంకు పైపు నుంచి పిట్టగోడ కడ్డీకి తాడు కట్టి, దాని మీద పాత చీర వేసి, మా అన్న కూతురితో ఎర్ర బంతి, అదే పిల్లలు టెన్నిస్ నేర్చుకునే మెత్తటి బంతి, ఆడుతున్నాను. ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చిన అమ్మ అక్కడే నిలబడిపోయింది. "రామ్మా, ఒక్కటి కొట్టు" అని పిల్లదాని రాకెట్ చేతికిచ్చాను. కొంగు నడుముకు దోపుకుంది. మొదటి రెండూ తగల్లేదు. మూడోది చీర దాటింది. దీపాలు పెట్టే వేళ దాకా కిందికి దిగలేదు, బట్టలు తీగ మీదే ఉండిపోయాయి.

అందుకే పెద్దవాళ్లకూ ఎర్ర బంతే ఇద్దాం. మామూలు బంతి కంటే అది 75 శాతం నెమ్మది, ఎత్తుకు లేవదు. మామూలు పసుపు బంతి ఇస్తే మొదటి దెబ్బకే కంచె మీదికి పోతుంది, సిగ్గుపడి రాకెట్ కింద పెట్టేస్తారు. టెన్నిస్ బాల్‌తో వీధి క్రికెట్ ఆడి పెరిగినవాళ్లం మనం. బంతి మనకు కొత్త కాదు, రాకెట్టే కొత్త. ఒక పెద్ద కోర్టులో నాలుగు చిన్న కోర్టులు పడతాయి. నెట్ 80 సెంటీమీటర్ల ఎత్తు చాలు.

అనంతపురం వాళ్లకు ఇది గుర్తుండాలి. 2010లో నడాల్ ఫౌండేషన్, ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కలిసి ఇక్కడ టెన్నిస్ స్కూలు పెట్టినప్పుడు స్పెయిన్ టెన్నిస్ ఛాంపియన్ రఫేల్ నడాల్ స్వయంగా వచ్చాడు. రాకెట్ కొనలేని ఇళ్ల పిల్లలకు ఆటతోపాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పారు. ఆ ఊరి నుంచి వెళ్లిన మనం అక్కడ మనవాళ్లను కంచె బయట నిలబెట్టకూడదు.

కాబట్టి డబుల్స్ పదకొండు తర్వాతకు జరపండి. గేటు దగ్గర తెలుగు మాట్లాడేవాళ్లు ఇద్దరు ఉండాలి, బల్ల వెనక కూర్చోవడం కాదు, ఎదురెళ్లి పిలవాలి. పిల్లలతో ఉండే వాలంటీర్లంతా వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్‌కు (పిల్లలతో పనిచేసేవాళ్ల గురించి అక్కడి ప్రభుత్వం చేసే తనిఖీ) ఇప్పుడే అప్లై చేయండి, వాలంటీర్లకు ఫీజు లేదు. టోపీ, సన్‌స్క్రీన్, చదునైన అడుగున్న బూట్లు అని ఫ్లయర్‌లో వేయండి.

జవాబు, వంటలు చూస్తున్న అక్క: డబుల్స్ జరపడానికి నాకేం అభ్యంతరం లేదు తమ్ముడూ. మరి ఉగ్గాని, బజ్జీ అక్కడే వేడివేడిగా చేద్దామా?

అక్కా, బజ్జీలు ఇంట్లోనే వేయించి తీసుకురండి. నూనె చేతులతో రాకెట్ పట్టుకుంటే పిడి జారుతుంది, కోర్టు మీద చుక్క పడినా క్లబ్బువాళ్లకు కష్టం. ఉగ్గానికి బొరుగులు మాత్రం పొడిగానే తెచ్చి, అక్కడ తడిపి కలుపుదాం. ముందే కలిపితే పదికల్లా ముద్దైపోతుంది. తినేది క్లబ్ హౌస్ పక్కన పెట్టండి, చేతులు కడుక్కునే కుళాయి అక్కడే ఉంది.

ఎర్ర బంతులు ఎన్ని ఉన్నాయో రేపు ఎవరైనా కోచ్‌ను అడగండి. తక్కువైతే నా వంతుగా రెండు డజన్లు కొంటాను. అమ్మ నాతోనే వస్తోంది. గేటు దగ్గర ఒక పేరు ఆమెది రాసుకోండి, ఇంకొకరు కావాలి.